చైనాకు మొదటిసారి వెళ్తున్నారా? భోజనం బల్ల, ఫోను, వేడినీళ్ళ సంగతి

అడిగినది క్లుప్తంగా ఇది: “రాజమండ్రిలో మాకు లైట్లు, ఫ్యాన్సీ సామాన్ల షాపు ఉంది. అక్టోబరులో కాంటన్ ఫెయిర్ అనే పెద్ద ఎగుమతి సరుకుల ప్రదర్శన కోసం గ్వాంగ్‌జౌ వెళ్ళి, అక్కడి నుంచి యివు ఊళ్ళోని టోకు మార్కెట్ కూడా చూసి రావాలని అనుకుంటున్నాం. నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. ఇద్దరం శాకాహారులం, నాకు మందు అలవాటు లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు భోజనానికి పిలుస్తారని విన్నాను. వాళ్ళ పద్ధతులు తెలియక ఎక్కడైనా అమర్యాదగా ప్రవర్తిస్తామేమోనని టెన్షన్‌గా ఉంది.”

ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకోండి. చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాకపోయినా, విజిటింగ్ కార్డు రెండు చేతులతో కాకుండా ఒక చేత్తో ఇచ్చేసినా, విదేశం నుంచి వచ్చారు కదా అని నవ్వి ఊరుకుంటారు. చాలా ఏళ్ళుగా సరుకు పని మీద గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం వైపు వెళ్ళి వస్తున్నాను. మర్యాద తప్పినందుకు బేరం చెడిన మనిషిని నేను చూడలేదు. ఫోనులో డబ్బు కట్టడం కుదరక టీ కొట్టు ముందు బిక్కమొహం వేసినవాళ్ళని, “నేను మాంసం తినను” అనే మాట వంటకాలన్నీ బల్ల మీదకి వచ్చేదాకా చెప్పకుండా కూర్చున్నవాళ్ళని మాత్రం చాలామందిని చూశాను. కాబట్టి ముందు చేసుకోవాల్సిన పనులతోనే మొదలుపెడతాను.

అక్కడ పర్సు తీసేవాళ్ళు తక్కువ. కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. ఫోనులో డబ్బు కట్టే అలీపే, దానితోపాటు చాటింగ్‌కీ పనికొచ్చే వీచాట్, ఈ రెండు యాప్‌లూ ఇక్కడే ఇన్‌స్టాల్ చేసి, పాస్‌పోర్టుతో రిజిస్టర్ చేసి, మీ వీసా లేదా మాస్టర్‌కార్డ్ కార్డుని జత చేసుకోండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయడం మర్చిపోవద్దు. 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు చార్జీ ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. షాపు కోడ్ అయితే ఇబ్బంది లేదు గానీ, కొందరు చిన్న వ్యాపారులు షాపుది కాకుండా తమ సొంత ఖాతాకి డబ్బు పంపే కోడ్ పెట్టుకుంటారు. దానికి విదేశీ కార్డు పనిచేయదు. అందుకే కొంత నగదు, అదీ చిన్న నోట్లుగా దగ్గర ఉంచుకోండి. నగదు వద్దనడానికి చట్టం ఒప్పుకోదు, కానీ వంద నోటు ఇస్తే చిల్లర కోసం పక్క కొట్టుకి పరిగెత్తే పరిస్థితి వాళ్ళది.

వీచాట్ అకౌంట్ తెరిచేటప్పుడు ఒక్కోసారి పాత యూజర్ ఎవరైనా మిమ్మల్ని ధ్రువీకరించాలని అడుగుతుంది. మీ సప్లయర్‌ని అడిగితే నిమిషంలో చేసి పెడతారు. అక్కడికి వెళ్ళి చూసుకుందాంలే అనుకోవద్దు. ఇప్పుడు కార్డులు ఇచ్చిపుచ్చుకోవడం కన్నా వీచాట్ కోడ్ స్కాన్ చేయడమే అసలు పరిచయం. ఫెయిర్‌లో స్టాల్ దగ్గర నిలబడగానే ఫోను ముందుకు చాస్తారు. ధర, ఫొటో, శాంపిల్, పేమెంట్, అన్నీ ఆ చాట్‌లోనే నడుస్తాయి. వచ్చిన మెసేజ్‌ని వేలితో నొక్కి పట్టుకుంటే అనువాదం వస్తుంది.

మీ ఇండియా సిమ్‌కి రోమింగ్ ప్యాక్ వేయించుకోండి. దీనికి రెండు కారణాలు. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. రెండోది, గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ లాంటివి అక్కడి నెట్‌లో రావు, హోటల్ వైఫైలో అసలే రావు. రోమింగ్ డేటా మన కంపెనీ నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది కాబట్టి అందులో పనిచేస్తాయి. అయినా ఇంట్లో పిల్లల ఫోన్లలో వీచాట్ కూడా వేసి ఉంచండి. గూగుల్ మ్యాప్ తెరుచుకున్నా నమ్మకండి, మీరున్న చోటుని పక్క వీధిలో చూపించగలదు. ఆమాప్ అనే వాళ్ళ మ్యాప్‌లో ఇప్పుడు ఇంగ్లీషు కూడా ఉంది. టాక్సీకి దీదీ వాడతారు, అది అలీపేలోనే ఉంటుంది. ఎక్కగానే డ్రైవర్ ఏదో అడుగుతాడు. మీ ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతున్నాడని అర్థం, ఫోనులో చూపించండి చాలు.

ఇక తిండి. మీ విషయంలో అసలు సంగతి ఇదే, కాస్త వివరంగా చెప్తాను.

“వెజిటేరియన్” అంటే అక్కడ చాలామంది వంటవాళ్ళకి స్ఫురించేది “మాంసం ముక్కలు లేకుండా” అని. ఆకుకూర వేయించేది పంది కొవ్వులో కావచ్చు, సూప్‌కి ఆధారం ఎముకల రసం కావచ్చు. గ్వాంగ్‌డాంగ్‌లో నిగనిగలాడే ఆకుకూర మీద పోసేది చాలాసార్లు ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల రసం. పచ్చి బీన్స్ వేపుడు చూడటానికి మనదిలాగే ఉంటుంది గానీ అందులో పంది కీమా చల్లడం మామూలే. మాపో టోఫూ అనే ప్రసిద్ధ వంటకంలోనూ కీమా ఉంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు. కొంచెం కీమా రుచి కోసమే అని వాళ్ళ లెక్క.

కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టకండి. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, జంతువుల కొవ్వు, ఎముకల రసం, ఆయిస్టర్ సాస్ ఏవీ వద్దని, ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయ పర్వాలేదని చైనీస్‌లో రాయించుకుని ఫోనులో ఫొటోగా పెట్టుకోండి. మీ సప్లయర్ ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిన అమ్మాయిని అడిగితే రాసిస్తుంది. ఉల్లి సంగతి ఎందుకంటే, అక్కడ శాకాహారం అనగానే బౌద్ధ సన్యాసుల భోజనం గుర్తొస్తుంది, అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మీకు ఉల్లి లేని చప్పిడి కూర వచ్చి, అసలు శాకాహారమే ఇంత అని బాధపడతారు. మీరు గుడ్డు తినేవాళ్ళయితే మాత్రం జీవితం సగం సులువు. టమాటా, గుడ్డు కలిపిన వేపుడు దేశంలో ఏ మూలకి వెళ్ళినా దొరుకుతుంది.

ధైర్యంగా అడగదగినవి కొన్ని: బంగాళాదుంపని సన్నగా తరిగి వెనిగర్, ఎండుమిర్చితో వేపిన కూర. వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం కలిపి వండే దిసాన్‌షియెన్, దీన్ని మన గోదావరి జిల్లాల వాళ్ళు రెండోసారి అడగకుండా ఉండరు. దంచిన దోసకాయ మీద వెల్లుల్లి, వెనిగర్ వేసిన చల్లటి సలాడ్. ఉత్త వెల్లుల్లితో వేపిన ఆకుకూరలు. పొద్దున్న అయితే సోయా పాలు, నూనెలో వేయించిన పొడవాటి యౌతియావ్, ఏమీ కూరని ఆవిరి బన్ను. బౌద్ధాలయాల దగ్గర పూర్తి శాకాహార హోటళ్ళు ఉంటాయి, అక్కడ టోఫూతో చేసిన “చేప”, “బాతు” చూసి కంగారు పడకండి, రూపం మాత్రమే అది. గ్వాంగ్‌జౌలో షియావ్‌బెయ్ ప్రాంతంలోనూ, యివులోనూ మన ఇండియన్ హోటళ్ళున్నాయి. రోజుకి ఒక పూట అక్కడ, ఒక పూట బయట అని పెట్టుకుంటే ఒంటికి బాగుంటుంది.

మీతోపాటు మాంసాహారులు ఎవరైనా వస్తుంటే వాళ్ళకో మాట. మాంసం అని ఊరికే అంటే అక్కడ పంది మాంసమే. పంది వద్దనుకుని హలాల్ బోర్డున్న లాన్‌జౌ నూడుల్స్ షాపుకి వెళ్తే, అక్కడ నూడుల్స్ గిన్నెలో ఉండేది గొడ్డు మాంసపు రసం. రెండూ తినని వాళ్ళు ఈ రెండో సంగతి తెలియక ఇరుక్కుంటారు.

ఇంటి నుంచి సీలు వేసిన ఉప్మా మిక్స్, అటుకుల కప్పులు, కందిపొడి పట్టుకెళ్ళండి. రాజమండ్రి నుంచి కాబట్టి పూతరేకులు పట్టుకెళ్ళాలని చెయ్యి లాగుతుంది. కానీ పాల పదార్థాలు, మాంసం, గుడ్లు, పచ్చి పళ్ళు, కూరగాయలు ప్రయాణికులు తేవడం వాళ్ళ కస్టమ్స్ నిషేధించింది. వెన్న, జున్ను ఆ జాబితాలో ఉన్నాయి. నెయ్యితో చేసిన స్వీట్‌తో ఎయిర్‌పోర్టులో వాదన ఎందుకు?

ఆ ఉప్మా కప్పులు ఎక్కడ కలుపుకోవాలా అనే సందేహం అక్కర్లేదు. చైనాలో వేడినీళ్ళు దొరకని చోటు లేదు. స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో, రైల్లో ప్రతి పెట్టెకీ మరిగే నీళ్ళ కుళాయి ఉంటుంది. ఎండాకాలంలో కూడా హోటల్లో కూర్చోగానే వేడి టీయో, వేడినీళ్ళో పోస్తారు. చల్లటివి తాగితే కడుపుకి మంచిది కాదని పెద్దవాళ్ళ గట్టి నమ్మకం. మొదటి రెండు రోజులు ఫ్రిజ్ నీళ్ళ కోసం ప్రాణం కొట్టుకుంటుంది. తర్వాత చూస్తే వాళ్ళలాగే మీరూ చేతిలో ఫ్లాస్కు పట్టుకుని తిరుగుతుంటారు. ఒక స్టీలు ఫ్లాస్కు ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి. కుళాయి నీళ్ళు అలాగే తాగొద్దు, వాళ్ళూ తాగరు.

భోజనం వేళలు మనకన్నా బాగా ముందు. మధ్యాహ్నం పదకొండున్నర, పన్నెండుకి. రాత్రి ఆరుకే. వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి, సాయంత్రం ఆరుకి విందుకి కూర్చుంటే మీ కడుపుకి ఇంకా మధ్యాహ్నం మూడున్నరే. మొదటి రోజు టీతో బిస్కట్లు తినకండి. భోజనం తర్వాత ఆఫీసుల్లో లైట్లు తీసేసి, టేబుల్ మీద తల వాల్చి ఓ కునుకు తీస్తారు. పన్నెండుకీ రెండుకీ మధ్య ఫ్యాక్టరీకి వెళ్ళినా ఫోను చేసినా అందరికీ ఇబ్బందే. పెద్ద ఊరు కాకపోతే రాత్రి తొమ్మిదికి వంటగది కట్టేసి ఉంటుంది.

ఇప్పుడు విందు. గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే గాజు పలక, దాని మీద అందరికీ కలిపి వంటకాలు. తలుపుకి ఎదురుగా ఉండే కుర్చీ పిలిచినవాళ్ళది, వాళ్ళ కుడిపక్క ముఖ్య అతిథిది, బహుశా మీదే. మీరుగా కూర్చోకండి, చూపించేదాకా ఆగండి. ఏం తెప్పించాలో పిలిచినవాళ్ళే నిర్ణయిస్తారు, మెనూ మీ చేతికి రాదు. అందుకే శాకాహారం మాట, మందు మాట రెండు రోజుల ముందే వీచాట్‌లో చెప్పేయండి. బల్ల దగ్గర చెప్తే, పదిహేను వంటకాలు తెప్పించిన మనిషి మీ ముందు ఖాళీ ప్లేటు చూసి నిజంగా సిగ్గుపడతాడు. ముందే చెప్తే అదే మనిషి ప్రత్యేకంగా హోటల్ వెతుకుతాడు. మీరు శాకాహారం ఎందుకని అడిగితే మతం, ఇంటి ఆచారం అని చెప్పండి. దాన్ని గౌరవిస్తారు. డాక్టర్ వద్దన్నాడు లాంటి సాకులు చెప్తే కొంచెమైనా తినమని బతిమాలుతారు.

మందు కూడా అంతే. బైజియు అనే తెల్లటి సారా 50 శాతం దాటి కూడా ఉంటుంది, చిన్న గ్లాసుల్లో ఒకరి తర్వాత ఒకరు మీ పేరు చెప్పి తాగుతారు. మీరు టీతో అదే పని చేయవచ్చు, ఆ ఆనవాయితీ వాళ్ళలోనే ఉంది. మొదటి గ్లాసు నుంచే టీ పట్టుకోండి. ఒక గ్లాసు తాగి రెండోది వద్దనడమే కష్టం. గ్లాసు తాకించేటప్పుడు మీ గ్లాసు అంచుని పెద్దవాళ్ళ గ్లాసు కన్నా కాస్త కిందకి పెట్టండి. ఈ ఒక్కటి చేస్తే బల్ల మొత్తం సంతోషపడుతుంది. మిగతావాళ్ళు మిమ్మల్ని తలచుకుని తాగాక, ఒకసారి మీరూ లేచి, పిలిచిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి టీ గ్లాసు ఎత్తండి. సిగరెట్ చాస్తే వద్దని చెయ్యి ఊపితే చాలు.

గ్వాంగ్‌డాంగ్‌లో ఇంకో రెండు చూస్తారు. కూర్చోగానే వేడి టీతో గిన్నెలు, చాప్‌స్టిక్స్ కడుక్కుంటారు. ఆ టీని తాగేయకండి. మీ కప్పులో ఎవరైనా టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాలి, అదే థ్యాంక్స్. చియెన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికి టీ పోస్తే, మోకరిల్లితే గుట్టు బయటపడుతుందని ఆ సేవకుడు వేళ్ళనే మోకాళ్ళలా వంచి తట్టాడని ఒక కథ చెప్తారు. టీ కూజా ఖాళీ అయితే మూత కాస్త పక్కకి జరిపి పెట్టండి, వాళ్ళే వచ్చి నీళ్ళు పోస్తారు.

చాప్‌స్టిక్స్‌ని అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవాళ్ళకి వెలిగించే అగరొత్తుల్లా కనిపిస్తాయి. విదేశీయులకి కూడా వాళ్ళు మెల్లగా తీసి పక్కన పెట్టేది ఇదొక్కటే. స్పూను అడగడం తప్పు కాదు. చేత్తో అన్నం కలుపుకోవడం మాత్రం విందు బల్ల మీద వద్దు, ఎండ్రకాయలు తినడానికి కూడా ప్లాస్టిక్ గ్లవ్స్ ఇచ్చే ఊళ్ళున్నాయి. గిన్నె నోటి దగ్గరికి ఎత్తుకుని తినడం, సూప్ జుర్రడం తప్పు కాదు. మనింట్లో కొసరి కొసరి వడ్డించినట్టే మీ ప్లేటులో వేస్తూనే ఉంటారు. చాలు అనిపించినప్పుడు గిన్నెలో కొంచెం ఉంచేయండి. పూర్తిగా ఖాళీ చేస్తే మళ్ళీ నిండుతుంది. బిల్లు దగ్గర ఒకసారి మర్యాదకి చెయ్యి చాచి, ఆగిపోండి. పిలిచినవాళ్ళదే బిల్లు. తర్వాతి పూట మీరు పిలవండి. టిప్పులు ఎక్కడా ఇవ్వక్కర్లేదు, ఇస్తే వెనక్కి తెచ్చిస్తారు.

యివు మార్కెట్‌లో 75 వేలకు పైగా షాపులున్నాయి. ఒక్కో అంతస్తుకి ఒక్కో రకం సరుకు. అక్కడ భాషకన్నా కాలిక్యులేటర్, వేళ్ళు ఎక్కువ పనిచేస్తాయి. వాళ్ళు పది దాకా ఒక్క చేత్తోనే చూపిస్తారు, ఇది ముందే నేర్చుకోండి. ఐదు దాకా మనలాగే. బొటనవేలు, చిటికెనవేలు చాచితే ఆరు. వేళ్ళ కొసలన్నీ ఒకచోట కలిపితే ఏడు. బొటనవేలు, చూపుడువేలు తుపాకీలా చాచితే ఎనిమిది, మనం దాన్ని రెండు అనుకుంటాం. చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది. ధర దగ్గర ఎనిమిదిని రెండు అనుకుంటే ఎంత తేడానో చెప్పక్కర్లేదు.

ఇంకోటి మన తల. అవునని చెప్పేటప్పుడు మనం తల అటూ ఇటూ ఆడిస్తాం. వాళ్ళకది కాదు అన్నట్టు కనిపిస్తుంది. ధర ఒప్పుకుంటూ తల ఆడిస్తే, పాపం ఆ అమ్మాయి ఇంకా తగ్గించాలేమో అని మళ్ళీ కాలిక్యులేటర్ అందుకుంటుంది. కొందరు మనవాళ్ళు దీన్ని బేరానికి వాడుకుంటారు కూడా! మీరు మాత్రం పైకీ కిందకీ ఊపండి.

వాళ్ళు నేరుగా కుదరదు అనరు. “చూస్తాం”, “కాస్త కష్టం”, “మాట్లాడి చెప్తాం” అంటే చాలావరకు కుదరదనే. మూడోసారి అడిగి నొక్కిపెట్టకండి. శాంపిల్‌లో లోపం కనిపిస్తే అక్కడే నలుగురి ముందు ఎత్తి చూపించకుండా, ఫొటో తీసి, పక్కకి పిలిచి మేనేజర్‌కి చెప్పండి. పని తొందరగా అవుతుంది. పిలుపు విషయంలో వాళ్ళ ఇంటిపేరే ముందు ఉంటుంది, మన తెలుగువాళ్ళలాగే. కానీ వాళ్ళు ఇంటిపేరుతో హోదా కలిపి పిలుస్తారు. వాంగ్ ఇంటిపేరున్న యజమాని అయితే “వాంగ్ జోంగ్”. డ్రైవర్‌ని “షర్‌ఫు” అంటే బాగుంటుంది.

మీ వయసెంత, పిల్లలెందరు, సంపాదన ఎంత అని అడిగేస్తారు. యూరప్ వాళ్ళు వీటికి కంగారు పడతారు గానీ మన రైళ్ళలో పెరిగినవాళ్ళకి కొత్త కాదు. మీ ఆవిడ చీర కట్టుకుంటే ఫొటో అడుగుతారు, బొట్టు గురించి అడుగుతారు. ఇష్టం లేకపోతే నవ్వుతూ వద్దనవచ్చు. సరిహద్దు, రాజకీయాల మాట ఎవరైనా ఎత్తినా మీరు వేరే మాటలోకి జారుకోండి.

కానుకకి కొండపల్లి లేదా ఏటికొప్పాక బొమ్మలు భేషుగ్గా ఉంటాయి. ఎర్ర కాగితంలో చుట్టండి, తెల్లదీ నల్లదీ వద్దు. గడియారం, గొడుగు ఇవ్వరు. రెండుసార్లు వద్దంటారు, మూడోసారి తీసుకుంటారు, మీ ముందు విప్పరు. నచ్చలేదని కాదు.

బాత్‌రూముల గురించి ఎవరూ చెప్పరు గానీ చెప్పుకోవాల్సిందే. బయట చాలాచోట్ల ఇండియన్ తరహావే ఉంటాయి, కానీ నీళ్ళుండవు, ఒక్కోచోట కాగితం కూడా ఉండదు. టిష్యూ ప్యాకెట్, చిన్న నీళ్ళ సీసా ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. పక్కన బుట్ట ఉంటే కాగితం అందులోనే వేయాలి.

హోటల్లో దిగితే పోలీసు రిజిస్ట్రేషన్ వాళ్ళే చేస్తారు. తెలిసినవాళ్ళింట్లో ఉంటే 24 గంటల్లో మీరే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి చేయించుకోవాలి. రైలుకి మీ పాస్‌పోర్టే టికెట్టు, బుక్ చేసేటప్పుడు పేరు అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి. మనవాళ్ళ ఇంటిపేర్లు ముందూ వెనకా అయ్యి గేటు దగ్గర ఆపేయడం ఇక్కడే జరుగుతుంది. మెషీన్ గేటు పాస్‌పోర్టుని చదవకపోతే పక్కన మనిషి ఉన్న గేటుకి వెళ్ళండి.

ఇక తేదీలు. అక్టోబరు 1 నుంచి వారం రోజులు దేశమంతా సెలవు. ఫ్యాక్టరీలు మూత, రైళ్ళు కిటకిట. ఫెయిర్ మూడు విడతలు. లైటింగ్ మొదటి విడతలో, అక్టోబరు 15 నుంచి 19 వరకు. మీ ఫ్యాన్సీ, గిఫ్టు సామాన్లు రెండో విడతలో, 23 నుంచి 27 వరకు. మధ్యలో దొరికే మూడు రోజుల్లో యివుకి పరిగెత్తడం కన్నా, లైట్ల ఊరైన జోంగ్‌షాన్‌లోని గుజెన్ చూసుకుని, రెండో విడత అయ్యాక యివు పెట్టుకోండి. అక్కడికి డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కాలనుకుంటే మాత్రం ఒక సంగతి: 2025 జూన్ 28 నుంచి 3సీ అనే వాళ్ళ భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంకుల్ని దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. మీది ఇంట్లోనే వదిలేసి అక్కడ అద్దెకి తీసుకోండి, ప్రతి హోటల్ కౌంటర్ పక్కనా అలీపేతో తీసే పెట్టెలుంటాయి.